కుక్కల మిషను

మా ఆయన మిషన్లను చెవితో ఎంచేవాడు. బెంగుళూరులో అంగడాయన బొచ్చు కత్తిరించే కరెంటు మిషన్లు మూడు బల్ల మీద పెట్టి ఏది కావాలో చూసుకోమంటే, ఈయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడట. ఒక్కొక్కదాన్నీ ఒక బీడీ కాలేంతసేపు తిప్పించాడు. మొదటిది వెండిలా మెరుస్తుంది గానీ బరువు, అరగంట పట్టుకుంటే మణికట్టు పడిపోతుంది. రెండోదానికి మోటారు విడిగా గోడకు వేలాడుతుంది, దాన్నుంచి పొడుగాటి గొట్టం వస్తుంది. ఆ గొట్టం చూసే కుక్క బెదురుతుందని దాన్ని పక్కన పెట్టాడు. మూడోది నల్లగా, మొద్దుగా ఉంది. దాని మోత మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున వినబడిందట. అది ఆగగానే దాని పళ్ళను తన ముంజేతి లోపలివైపు మెత్తటి చర్మానికి ఆనించి చూశాడు. "ఇది చల్లంగుండాది. ఇదే ఇయ్యండి," అన్నాడు. అంగడాయన నవ్వాడట. నేను పక్కనే ఉండుంటే ఆ నవ్వుకు నాలుగు మాటలు అంటించేదాన్ని.

ఆ మూడో మిషను గురించే ఇప్పుడు రాస్తున్నాను. అది వచ్చిన రెండేళ్ళకు మా ఇంట్లో జరిగిన సంగతి ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పిన కాస్త కూడా నాకు అనుకూలంగా చెప్పుకున్నాను.

మాది కడప. కులవృత్తి క్షౌరం. మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్ళయ్యాక కూడా నేను 'మామా' అనే పిలిచాను. ఆయన తల్లి నాకు అవ్వ, పెళ్ళి నుంచి అత్త. అత్తగా తిట్టి అవ్వగా అన్నం పెట్టేది. పెళ్ళికి ముందు మామ బెంగుళూరు దండులో, దొరల పటాలం ఉండే చోట, గుర్రాలకు బొచ్చు తీసే పనిలో ఉన్నాడు. అక్కడిది ఒకడు చక్రం తిప్పుతుంటే ఇంకొకడు కత్తిరించే చేతి మిషను. అక్కడే దొరల కుక్కలకు తీయడం కూడా పట్టుబడింది. కడపకు తిరిగొచ్చి బజారులో చిన్న అంగడి పెట్టాడు. ఆ బజారుకు అప్పటికే కరెంటు వచ్చింది. అంగడిలో ఉన్నది ఒక్క బల్బు. మిషను ఆడించాలంటే ఆ బల్బు ఊడదీసి, అదే హోల్డరుకు తీగ తగిలించాలి.

ఆ తర్వాత కరెంటు మిషను ఎంచుకురమ్మని మామను మళ్ళీ బెంగుళూరు పంపి కొనిచ్చినవాడు ఒక ఆసామి. రాజంపేట దిక్కున మామిడితోటలు, కడపలో మేడ. ఆయన కొండప్రాంతం నుంచి ఒక సీమకుక్కను తెచ్చుకున్నాడు. ఒళ్ళంతా జానెడు బొచ్చు, కళ్ళు కూడా కనబడవు. మా ఊరి ఎండకు ఆ బొచ్చు కింద చర్మం పుండ్లు పడుతుంటే, మూడు నెలలకోసారి తీయడానికి మా ఆయనను పెట్టుకున్నాడు. మిషను ఆయనదే అయినా, దాన్ని చూసుకోవడం తెలిసినవాళ్ళ దగ్గరే ఉండాలని మా అంగడిలో ఉంచాడు. ఆ మాట మాత్రం తెలివైన మాట. ఆ కుక్క శానా మంచిది. మిషను మోత వింటే చాలు, మా ఆయన తొడ మీద తల పెట్టి నిద్రపోయేది. ఒక పక్క అయ్యాక రెండో పక్కకు తిప్పడానికి దాన్ని లేపాల్సి వచ్చేది.

కత్తిరించడం ఆయన పని, మిషనుకు సేవ నా పని. పని అయిన ప్రతిసారీ రెండు మరలు విప్పి, పై పళ్ళూ కింది పళ్ళూ విడదీసి, ఇరుక్కున్న బొచ్చును గట్టి బ్రష్షుతో దులపాలి. పళ్ళను కిరసనాయిలు గిన్నెలో ముంచి తీసి, మల్లుగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె రెండంటే రెండు చుక్కలు వెయ్యాలి. యుద్ధం రోజుల్లో ఆ నూనె దొరక్క ఒకసారి ఆముదం వేశాను. అది జిగటగా గడ్డకట్టి మిషను మూలిగింది. మా ఆయన నన్ను ఏమీ అనలేదు గానీ, మూడు రోజులు ఆ మూలుగును నోటితో చేసి చూపించి ఏడిపించాడు. మరలు బిగించేటప్పుడు మోత సన్నబడేదాకా తిప్పి, ఆపైన అర చుట్టు వెనక్కి తీయాలి. బిగువెక్కితే పళ్ళు వేడెక్కుతాయి, వదులైతే బొచ్చును కొయ్యకుండా పీకుతాయి. ఇవన్నీ నాకు నిద్రలో అడిగినా వచ్చేవి. దొరసానుల బడిలో అయిదో తరగతి చదివిన దాన్ని, నాకంటే మిషను ఎవరు బాగా చూసుకుంటారని కాస్త పొగరు కూడా ఉండేది.

మా కులపోళ్ళకు ఈ కుక్కల పని నచ్చలేదు. కుక్కను ముట్టిన చేత్తో పెళ్ళికొడుకు గడ్డం ఎట్లా గీస్తావని అడిగారు. ఆయన వాళ్ళతో గొడవ పడలేదు. మనుషుల పెట్టె ఒకటి, కుక్కల పెట్టె ఒకటి చేసి, కుక్కల పెట్టెను అంగడి వెనక గోడకు తగిలించాడు. ఒకదాని గుడ్డ కూడా ఇంకొకదానికి వాడలేదు. అట్లా నెట్టుకొచ్చాం.

యుద్ధం ముగిసిన ఏడాది మహర్నవమికి ఆయుధపూజ పెట్టుకున్నాం. మా ఇండ్లలో ఆ రోజు కత్తులు, కత్తెరలు, సాన రాయి అన్నీ కడిగి పీట మీద వరసగా పేర్చి, పసుపు రాసి, గంధం కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటాం. మరునాడు పూజ తీసేదాకా వాటిని ముట్టం. ఆ ఏడు నేను కుక్కల మిషనును కూడా తెచ్చి పీట మీద పెట్టాను. అవ్వ ఊరుకోలేదు.

"కుక్కల దాన్ని తెచ్చి దేవుని ముందర పెడతావా? కండ్లు కనపడల్యా?"

"అది కూడా అన్నం పెడతాండాది కదవ్వా," అన్నాను.

మా ఆయన నవ్వి, "పెట్టనీలేమ్మా," అన్నాడు. నాకు పంతం వచ్చింది. కత్తులకు ఒక్కొక్క బొట్టు పెట్టి, మిషనుకు మాత్రం తడి గంధం, తడి కుంకుమ దండిగా పూశాను. పళ్ళ మీద కూడా పూశాను. మిషనుకు నీళ్ళు తగలకూడదని ఊరందరికీ చెప్పేది నేనే. అవ్వ మీది కోపంలో ఆ మాటే మరిచిపోయాను.

మరునాడు దసరా. ఇంకా పూజ తీస్తుండగానే ఆసామి ఇంటి నుంచి కబురు వచ్చింది, ఇంటికి చుట్టాలు వస్తున్నారు, కుక్కకు బొచ్చు తీయాలని. మామ అంగీ తొడుక్కుంటూ, "పండ్లు విప్పి తుడిచినావా?" అని అడిగాడు. "తుడిచినా," అన్నాను. పైపైన గుడ్డతో రుద్దానంతే, మరలు విప్పలేదు. వంట పొయ్యి మీద ఉంది, పండుగ పూట. ఆయన మిషను సంచిలో వేసుకుని పోయాడు.

గంట తిరక్కుండానే వచ్చేశాడు. కుడిచేతికి పంచె కొంగు చుట్టుకుని ఉంది, కొంగంతా రక్తం. బొటనవేలికీ మణికట్టుకూ మధ్య కండలో నాలుగు పంటి గాట్లు, రెండు లోతుగా దిగాయి. నేను నీళ్ళు పోసి కడుగుతుంటే ఆయన జరిగింది చెప్పాడు. కుక్క ఈసారి తొడ మీద పడుకోలేదట. మంచం కింద చీకట్లో దూరి ఉంటే పనివాడు ఈడ్చుకొచ్చాడట. భుజం మీద నాలుగు వరసలు తీశాడో లేదో, అరవలేదు, గుర్రుమనలేదు, తల తిప్పి పట్టేసిందట.

"కూత కూడా కూయకుండా కరిసిందే," అన్నాడు. ఆ మాట ఆయనకే వింతగా ఉంది. తర్వాత నా మొహం చూసి మెల్లగా అడిగాడు. "పండ్ల సందులో కుంకుమ ఉండిపోయిందా?"

నేను ఏడ్చాను. మరలు విప్పలేదని ఒప్పుకున్నాను. ఆయనకు కోపం రాలేదు. పైగా నెమ్మది పడ్డాడు. "అదే మరి. ఎండిపోయి పండ్లు పట్టేసింటాయి. కాలిపోయింటాది పాపం దానికి," అన్నాడు.

అవ్వ గాటుకు సున్నం పెడుతూ, "పిచ్చిది కాదు గదరా?" అంది.

"పిచ్చిదేందమ్మా? మిషను కాలిస్తే ఏ కుక్కయినా కరుస్తాది. నేనైనా కరుస్తా."

ఆ పూట మా ఇంట్లో ఆ మాట అట్లా ముగిసిపోయింది. సాయంత్రం ఆసామి మనిషి వచ్చి మిషను ఉన్న సంచి గుమ్మంలో పెట్టి, కుక్క ఒళ్ళు కాల్చారని ఆసామి కోపంగా ఉన్నాడు, పిలిచేదాకా రావొద్దన్నాడని చెప్పిపోయాడు. దాంతో అందరూ ఒక్క మాట మీదికొచ్చారు. ఆసామి లెక్కలో తప్పు మిషనుది. మామ లెక్కలో కుంకుమది. అవ్వ లెక్కలో కుక్కల దాన్ని దేవుని ముందర పెట్టిన నాది. కులపోళ్ళు కూడా అదే మాట అంటున్నారని చెవిన పడింది. ఆ ఇరవై రోజులు నేను తలెత్తలేదు. లోపల మాత్రం మండిపోతుండేది. రెండేళ్ళు దానికి నేను చేసిన సేవ ఎవరికీ గుర్తు లేదు, ఒక్క పూట చేసిన తప్పు మాత్రం ఇంటింటికీ తెలుసు.

గాయం బాగానే మానింది. మచ్చ గులాబీ రంగుకు వచ్చింది. ఆయన మళ్ళీ కత్తి పట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం ఆయన ఒక పెండ్లి ఇంటికి పోయినప్పుడు నేను సంచి తీసుకుని అంగడికి పోయాను. మిషనును శుభ్రం చేసి, ఇక దాని మొహం చూడకుండా ఆసామికి పంపించేద్దామని నా ఉద్దేశం. సంచి ఆ రోజు నుంచి ఎవరూ విప్పలేదు. మిషను పళ్ళ మధ్య ఎర్రగా ఎండిన కుంకుమ అట్లాగే ఉంది. సంచి అడుగున రాలిన బొచ్చు చారెడే ఉంది.

ఆ చారెడు బొచ్చును అరచేతిలో పోసుకుని చూశాను. నాలుగు వరసలు తీసేంతలో మిషను అంత వేడెక్కుతుందా అనిపించింది. బల్బు ఊడదీసి తీగ తగిలించాను. ఏమీ తుడవలేదు. ఆ కుంకుమతోనే, ఆ బిగువుతోనే ఆడించాను. మోత కాస్త గరగరలాడింది, అంతే. నాలుగు వరసలకు పట్టేంతసేపు ఉంచి, ఆపి, పళ్ళను ముంజేతికి ఆనించాను. చల్లగా ఉన్నాయి. నమ్మలేదు. మళ్ళీ తగిలించి అంతకు రెండింతలు ఆడించాను. గోరువెచ్చగా కూడా కాలేదు.

మొదట నాకు సంతోషం కలిగింది. ఇది దాచుకోకుండా రాయాలి. తప్పు నాది కాదు, అవ్వ మొహాన చెప్పొచ్చు అనుకున్నాను. ఆ సంతోషం అంగడి తలుపు వేసేదాకా కూడా నిలవలేదు. మిషను కాల్చకపోతే కుక్క ఎందుకు కరిచింది? మంచం కింద చీకట్లో ఎందుకు దూరింది? కూత ఎందుకు కూయలేదు?

నేరుగా ఆసామి మేడకు పోయాను. పెరటి వైపు ఆసామి భార్య వడియాలు ఎండబెడుతూ ఉంది. కుక్క ఎట్లుందని అడిగాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"పోయింది కదమ్మే. మీ ఆయనను కరిసిన ఆరో రోజే పోయింది. కూడు ముట్టలేదు, సొంగ కార్చుకుంటా తిరిగి తిరిగి పడిపోయింది. కాలిన పుండు లోపల చీము పట్టిందనుకున్నాం. మీకు చెప్పొద్దన్నాడు ఈయన. ఎట్లనో అయిపోయింది, చెప్తే వాళ్ళు కుమిలిపోతారు, ఏంటికిలే అన్నాడు."

"కాలిన పుండు మీరు చూసినారా అమ్మా?"

"ఆ బొచ్చులో ఏం కనపడుతాది?"

ఆసామి మంచితనం మీద నాకు ఈరోజుకీ కోపమే. తిట్టి ఉంటే బాగుండేది. కుక్కను చంపినారని మా గుమ్మం ముందుకొచ్చి అరిచి ఉంటే, ఆరో రోజే మేము ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళం.

ఇక్కడిదాకా జరిగింది అడిగినవాళ్ళకు ఎంతో కొంత చెప్పుకున్నదే. దీని తర్వాతిదే నేను చెప్పనిది. ఆ రోజు ఇంటికి వచ్చి కుక్క చచ్చిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మరునాడు కూడా చెప్పలేదు. మామ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. అవ్వ మామూలుగా ఆ కుంకుమ మాట తీసి సణిగింది. నేను తలొంచుకుని, అవును, నా తప్పే అన్నాను. ఇరవై రోజులు ఏ మాటకు మండిపోయానో ఆ మాటను రెండు రోజులు గట్టిగా పట్టుకున్నాను. తప్పు నాదైనంతవరకు ఆయన బతికే మనిషి. నిజం నా నోటి నుంచి వస్తే అది నిజమైపోతుందని భయపడ్డాను. చదువుకున్న దాన్ని, నాకు ఆ మాత్రం బుద్ధి లేకపోయింది. రెండు రోజులు చేతులారా పోగొట్టాను.

మూడో రోజు పొద్దున ఆయన కత్తి సాన పడుతుంటే చెప్పాను. "మామా, మిషను చల్లగానే ఉండాది. ఆడిచ్చి చూసినా. కుక్క చచ్చిపోయిందంట."

ఆయన సాన ఆపలేదు. ఆ కత్తి పూర్తిగా పదునయ్యేదాకా పట్టి, తుడిచి, పెట్టెలో పెట్టి అప్పుడు లేచాడు. "అంగీ ఇయ్యి, ఆసుపత్రికి పోదాం," అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు చేతి మచ్చ చూసి, ఎన్ని రోజులైందని అడిగాడు. ఇరవై మూడు అని చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఇన్ని రోజులు ఏం చేస్తున్నారమ్మా?"

మిషను వేడెక్కిందనుకున్నామని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. ఎవరికి అర్థమవుతుంది? ఆయన బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి, ఒక్కటి కూడా తప్పకూడదు అన్నాడు. ముందుగా రావాల్సింది అని గొణిగి మళ్ళీ కలం అందుకున్నాడు.

ఆ పద్నాలుగు రోజులూ నేను వెంటపోయాను. పొట్ట వాచి ఆయన నడుము వంచలేకపోయేవాడు. దారిలో నన్ను నవ్వించాలని, సూది వేసే కాంపౌండరు చెయ్యి బరువనీ, ఆయనకు మిషను పట్టుకోవడం నేర్పిస్తే బాగుండుననీ అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఇంటికి రాగానే చెంబుతో నీళ్ళు ఇచ్చి ఆయన గొంతు కదలడం చూసేదాన్ని. మా ప్రాంతంలో పిచ్చికుక్క కరిచినవాళ్ళను అట్లాగే కనిపెడతారు, నీళ్ళ దగ్గర; నీళ్ళు గొంతు దిగకపోతే ఇక ఆ మనిషి దక్కడు. రోజుకు ఎన్నిసార్లు తాగాడో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు నేను చూస్తున్నానని. అందుకే నాకు కనబడేట్టు, ఎత్తి పోసుకుని గటగటా తాగేవాడు.

పద్నాలుగో సూది అయ్యాక డాక్టరు భుజం తట్టి పంపించాడు. అవ్వ దేవునికి కొబ్బరికాయ కొట్టింది. ఆ వారమంతా ఆయన అంగడికి పోయి వచ్చాడు, మనుషుల పెట్టె మాత్రమే తెరిచాడు.

సూదులు ముగిసిన తొమ్మిదో రోజు పొద్దున ఆయన గడప మీద కూర్చుని కుడిచేతి మచ్చను ఎడమచేత్తో రుద్దుకుంటున్నాడు. ఏమని అడిగాను. "చీమలు పాకినట్లుండాది, ఊరికే," అన్నాడు. నేను లోపలికి పోయి చెంబు తెచ్చాను.

"ఆడ పెట్టిపో. తాగుతాలే."

పెట్టలేదు. ఆయన చేతికే అందించాను. నా మీద దయతలచి చెయ్యి చాచాడు, చెంబు అందుకున్నాడు, నోటి దాకా ఎత్తాడు. చెయ్యి ముందుకే ఉంది, మెడ వెనక్కి పోయింది. ఇంకోసారి ఎత్తాడు. గొంతు నరాలు బిగుసుకున్నాయి, నీళ్ళు ఒలికి ఒళ్ళో పడ్డాయి. చెంబును మెల్లగా కింద పెట్టి, నా కళ్ళలోకి చూడకుండా వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు.

వంటింట్లో నుంచి అవ్వ అడిగింది. "నీళ్ళు తాగినాడామ్మే?"

"తాగినాడవ్వా," అన్నాను.